కెటిల్‌గారి తనిఖీ

ఆయన అసలు పేరు జీతం బిల్లు మీద తప్ప ఆ కార్యాలయంలో మరెక్కడా కనిపించదు. అందరికీ ఆయన కెటిల్‌గారే. ఏ ఇంటికి తనిఖీకి వెళ్లినా టీ అడగనిదే వెనుదిరగరు. ఇంటిల్లిపాదీ పోటీపడి పెట్టి ఇస్తామన్నా ఒప్పుకోరు. ఏ ముసలివారి కోసం వెళ్లారో ఆ ముసలివారే లేచి, పెట్టి, తెచ్చి చేతికివ్వాలి.

ఒంటరి వృద్ధుల ఇళ్లకు సహాయకులను పంపడానికి ప్రభుత్వం ఏటా నిధులిస్తుంది. ఆ సాయం ఎవరికి అవసరమో, ఎవరికి అక్కర్లేదో చూసి రాయడం ఆయన ఉద్యోగం. ఈ ఏడు నిధులు కుదించి, తమ పనులు తాము చేసుకోగలవారికి సాయం ఆపేయమన్నారు. ముసలితనాన్ని సైతం పొదుపు పద్దులో వేసుకునే ఆ ఉత్తర్వు చదివి హెడ్ గుమాస్తా పళ్లు నూరారు. నూరి, నకలు తీసి దాచారు.

హెడ్ గుమాస్తా ఏ కాగితాన్నీ పారేయరు. కెటిల్‌గారి మీద వచ్చిన ఫిర్యాదులకైతే విడిగా ఓ అట్టపెట్టె ఉంది. మోకాళ్లరిగిన మా అత్తగారిచేత రెండుసార్లు టీ పెట్టించాడని ఒక కోడలు. మా నాన్న పంచదారనుకుని ఉప్పు వేసిస్తే గుక్క తిప్పుకోకుండా తాగాడని ఒక కొడుకు. గిన్నెలు తోమే సబ్బుపొడి వేసిచ్చిన ఒక ముసలి దర్జీతో, నురగ బాగా వచ్చిందన్నారట.

ఉండబట్టలేక హెడ్ గుమాస్తా ఒకసారి అడిగేశారు.

"అంత నాలుక పీకుతుంటే దారిలో హోటల్లో తాగి వెళ్లకూడదటండీ?"

"హోటల్ టీ బాగుంటుంది సార్. నాకు పనికిరాదు."

ఆ జవాబూ తేదీ వేసుకుని పెట్టెలోకి చేరింది.

ఇంతలో హెడ్ గుమాస్తా అక్కగారి వంతు వచ్చింది. ఆవిడ ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి, పక్కవీధిలో ఒక్కతే ఉంటోంది. పొద్దునా సాయంత్రం ప్రభుత్వం పంపే సహాయకురాలు రాబట్టి ఇల్లు నడుస్తోంది. ఆ మనిషి రాకపోతే ఆవిడ వృద్ధాశ్రమం చేరవలసిందే. తమ్ముడింట్లో ఉండమంటే, నీ కాగితాల మధ్య నాకు చోటెక్కడరా అంటుంది.

ఉన్నదున్నట్టు చెప్పమని హెడ్ గుమాస్తా ముందురోజే అక్కను బతిమాలారు.

"నా సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరుచేతా వంక పెట్టించుకోలేదురా. ఈ వయసులో పెట్టించుకోమంటావా?" అంది అక్కగారు.

తనిఖీనాడు ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతికర్రను తలుపు వెనక దాచేసి, తమ్ముడి పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"వంట?"

"నేనే."

"మందులు?"

"బడిగంట కొట్టినట్టు వేసుకుంటాను."

"స్నానానికి సాయం కావాలాండీ?"

"నేనేమైనా ఒకటో తరగతా?"

ఒక్కొక్క జవాబుకీ అక్క ఒక్కొక్క అడుగు ఆశ్రమం వైపు వేస్తున్నట్టే తోచింది హెడ్ గుమాస్తాకి. కెటిల్‌గారు మాత్రం అన్నీ పొల్లుపోకుండా రాసుకుని, కలం మూశారు.

"టీచరుగారూ, మీ చేతి టీ ఓ కప్పు."

హెడ్ గుమాస్తాకి ఒళ్లు మండింది. తానే పెడతానని లేవబోతే కెటిల్‌గారు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

వంటింట్లో లైటరు టిక్కుటిక్కుమంది. మంట రాలేదు, గ్యాసు వాసన వచ్చింది. కెటిల్‌గారు చటుక్కున లేచి వెళ్లారు. ఈ కిటికీకి గాలి బాగా వస్తుందా అని అడుగుతూ పొయ్యి కట్టేశారు, కిటికీ తెరిచారు, ఆవిడ చదువు చెప్పిన రోజుల గురించి కబుర్లాడి, వాసన పోయాక వెలిగించి వచ్చి కూర్చున్నారు.

చివరికి టీ వచ్చింది, సగం కప్పులో, సగం సాసరులో. టీపొడి ఊసే లేదు. గోరువెచ్చని పాలనీళ్లు, వాటిలో పంచదారకు బదులు ఆవిడ రక్తపోటు మాత్ర. కెటిల్‌గారు ఇంకా కరగని ఆ మాత్రను చెంచాతో పైకి తీసి, రుమాల్లో చుట్టి, మిగిలినది చివరి బొట్టు దాకా తాగారు.

"పంచదార సరిపోయిందా?"

"వంక పెట్టడానికి లేదండీ."

ఆవిడ తమ్ముడి వైపు విజయగర్వంతో చూసింది.

గుమ్మం దాటాక హెడ్ గుమాస్తా, సాయం ఇక ఆగిపోయినట్టేనా అని అడిగారు.

కెటిల్‌గారు చెప్పులు వేసుకుంటూ, "అడిగితే అందరూ పరువే చెబుతారు సార్. అందుకే టీ పెట్టమంటాను," అన్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఉన్న రెండు పూటలకూ మధ్యాహ్నం పూట కూడా తోడైంది.

మర్నాడు హెడ్ గుమాస్తా క్యాంటీన్ నుంచి స్వయంగా టీ మోసుకెళ్లి కెటిల్‌గారి బల్ల మీద పెట్టారు. ఆయన ముక్కు మూసుకుని కప్పును బల్ల చివరికి నెట్టేశారు.

"తీసేయండి సార్. చిన్నప్పటి నుంచీ నాకు టీ వాసనే గిట్టదు."

హెడ్ గుమాస్తా కప్పు తీసి పక్కబల్ల మీద పెట్టారు. ఆ తర్వాత నసుగుతూ సంచిలోంచి ఒక ఫ్లాస్కు బయటికి తీశారు.

"మధ్యాహ్నం మనిషిని తన టీకి బహుమతిగా పంపారనుకుంటోందండీ అక్క. తనే పెట్టి పంపింది. ఎలా ఉందో కనుక్కుని రమ్మంది."

కెటిల్‌గారు ఫ్లాస్కు వైపు చూసి ఓ నిట్టూర్పు విడిచారు. సొరుగులోంచి ఖాళీ కప్పు తీసి చాపారు.

"పోయండి. కాస్త వడగట్టి."