శుక్రవారం చేతులు మారని బొమ్మ

“శుక్రవారం పూట ఇంట్లో వస్తువు పరాయోళ్ళ సేతిలో పెడతావేటి బావా?”

“ఒసే, ఇది బియ్యమా, బంగారమా? అట్టముక్క.”

“అట్టముక్క కోసమేనా నన్ను పొద్దున్నే బస్సెక్కించినావు?”

“మద్రాసాయన మనక్కావలసిన బొమ్మ సుట్టూ తిరుగుతన్నాడే. రేపటికి ఉంటాదేటి?”

విజయనగరంలో ఒక బడి హాలులో నేనూ మా ఆయనా ఇలా వాదించుకుంటుంటే పక్కవాళ్ళు తమ బేరాలు ఆపి విన్నారు. అరవైల చివర, మా పెద్ద మనవరాలు పుట్టిన ఏడాది అది. పూర్వం సిగరెట్టు పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మకార్డులు వచ్చేవి. వాటిని దాచుకునేవాళ్ళంతా ఆ రోజు అక్కడ చేరారు, మద్రాసు నుంచి కూడా ఒకాయన వచ్చాడు. బల్లల నిండా క్రికెట్టువాళ్ళు, కుస్తీవాళ్ళు, గుర్రాల మీదివాళ్ళు. పెళ్ళికి వచ్చినంత జనం, భోజనాలు మాత్రం లేవు. హోటల్లో డబ్బు పొయ్యడం నాకు గిట్టదు కనుక పులిహోర మూట కట్టుకెళ్ళాను.

మూడో తరగతితో నా చదువు ఆగింది. బొమ్మల కింది ఇంగ్లీషు చదవలేను గానీ మా ఇంటి కార్డులన్నీ మొహం చూసి గుర్తుపడతాను. మా మావగారు రంగూన్‌లో బియ్యం మిల్లు పనికి వెళ్ళినప్పుడు పోగుచేసినవి. క్రికెట్టువాళ్ళలో ఒక్కడు తక్కువ. ఆల్బమ్‌లో ఆ జాగా ఖాళీగానే ఉండేది. మావగారు పోయాక కూడా మా ఆయన అందులో మరో బొమ్మ పెట్టనిచ్చేవాడు కాదు.

ఆ తక్కువైనవాడు గజపతినగరం కిరాణా షావుకారు దగ్గర కనబడ్డాడు. మీసాలు, టోపీ, భుజం మీద బ్యాటు. బదులుగా షావుకారు మా దగ్గర రెండున్న కుస్తీవాడి బొమ్మల్లో ఒకటి అడిగాడు. రెండున్నా సరే, శుక్రవారం మా ఇంటి వస్తువు ఉప్పురాయైనా బయటికి పోదు.

షావుకారు నవ్వాడు. “పోనీ బాబూ, నాది నువ్వట్టుకెళ్ళు. నీది రేపియ్యి.”

మా ఆయన చెయ్యి చాపాడు. కార్డు సగం దూరం వచ్చి ఆగిపోయింది.

“నాకూ శుక్రవారమే కదా,” అన్నాడు షావుకారు, దాన్ని జేబులో పెట్టేసుకుంటూ. “కొట్లో అమ్మకం ఏరు, ఊరికే ఇయ్యడం ఏరు. మా ఆడోళ్ళకి తెలిస్తే గుమ్మం ఎక్కనివ్వరు. రేపు బండి ఏళకి ముందే నే దిగిన సత్రానికి రండి.”

“నీకు తోడు దొరికినాడు,” అన్నాడు మా ఆయన నాతో. మద్రాసాయన దిగింది కూడా ఆ సత్రంలోనే. ఆ రాత్రికి మేము ఊళ్ళోనే మా అక్క ఇంట్లో ఉండిపోయాము. ఆయన పులిహోర ముట్టలేదు. నేను పారేయకుండా తిన్నాను.

మర్నాడు తెల్లవారగానే వెళ్ళాము. షావుకారు సంచీ సర్దుకుని సత్రం అరుగు మీద కూర్చున్నాడు. మద్రాసాయన పక్కనే పళ్ళు తోముకుంటున్నాడు. షావుకారు జేబులోంచి కార్డు తీసి మా ఆయనకిచ్చాడు. మా ఆయన కుస్తీవాణ్ణి ఇచ్చాడు. షావుకారు స్టేషనుకి వెళ్ళాడు. మేము బస్సెక్కాము. మా ఊరు వచ్చేదాకా మా ఆయన ఆల్బమ్ మూయలేదు.