వడగట్టిన మందు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో నేను ఆళ్లగడ్డలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుని. తలనొప్పికి ఆయన కెఫీన్ రాసేవాడు. పల్లెల నుంచి బస్సులో వచ్చేవాళ్లు పెద్ద సీసా మోయలేరని చిన్న సీసాలోనే చిక్కగా కలపమనేవాడు. కెఫీన్ కరగడానికి ఆ కాసిని నీళ్లు చాలవు. పొడి అడుగున పేరుకునేది. బాగా కదిపి తాగమని చెప్పి పంపేవాణ్ణి.

మావాళ్లు కదుపుతారా? మడ్డి అంటే వాళ్లకు మురికే. వాగునీళ్లు వడగట్టినట్టే మందునూ గుడ్డలో వడగట్టి, తేట తాగి, అసలు మందును దిబ్బలో పారేసేవాళ్లు.

అహోబిలం దారిలోని పల్లె రైతు ఒకడు, తలనొప్పి తగ్గని పెండ్లాన్ని వెంటబెట్టుకొని వచ్చి, ఆ గుడ్డను నా బల్ల మీద దులిపాడు.

"ఏందప్పా ఇది? మందులో సున్నం కలుపుతాండావా?"

"సున్నం కాదన్నా, మందే అది. వడగట్టమని ఎవురు చెప్పినారు?"

"మడ్డి తాగమంటావా? ముందు నువ్వు తాగు, సూస్తాం!"

డాక్టరు రైతు పక్షమే పట్టాడు. "వారంలోగా మడ్డి లేకుండా చెయ్. చేతగాకుంటే పో, ఇంకో చోటు సూసుకో" అన్నాడు. నీళ్లు తగ్గించమన్నది ఆ మహానుభావుడే! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను చదివింది ఎనిమిదో తరగతి. నంద్యాలలో పాత పుస్తకాల అంగట్లో అట్ట ఊడిన ఇంగ్లీషు మందుల పుస్తకం కొని, నిఘంటువు పక్కన పెట్టుకొని కూడబలుక్కుంటూ చదివాను. సోడియం బెంజోయేట్ తోడుంటే కెఫీన్ బాగా కరుగుతుందట. మామిడిరసం చెడకుండా వేసే ఉప్పే అది. తెచ్చి కలిపాను. తెల్లగా ఉన్నది కాస్తా అద్దంలా తేరుకుంది. నీళ్లలో దిగనని మొరాయించే పొడిని ఆ ఉప్పు చెయ్యి పట్టుకొని దింపుతుంది. ఇట్లాంటివాటిని హైడ్రోట్రోప్‌లంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

వారానికి ఆ రైతు పెండ్లాంతో మళ్లీ వచ్చాడు. నేనిచ్చిన కొత్త సీసా ఎత్తి వెలుగులో చూశాడు.

"ఉత్త నీళ్లప్పా ఇవి! పోయినసారి సున్నమన్నా ఉండె!"

పెండ్లాం సీసా లాక్కొని చుక్క నాలుక మీద వేసుకుంది.

"థూ, పోయినసారి ఇంత చేదు లేదు! ఇదీ మందంటే. ఇన్నాళ్లూ నువ్వే గదా వడగట్టి పారబోస్తివి, పెద్ద తెలివిగల్లోడివి!"

తలనొప్పి తగ్గిందని ఆమే పైవారం వచ్చి చెప్పింది. నా కొలువు నిలిచింది. "కాంపౌండరుకు నేనే చెప్పి చేయించినా" అని డాక్టరు ఆమె ముందరే మీసం దువ్వుకున్నాడు.

ఆయన నాకు చూపిన దారి ఒక్కటే: పో, ఇంకో చోటు సూసుకో అని.