నేను చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళ వయసులో, మా అమ్మను బీదరులో ఒక ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపకుండా పన్నెండు రోజులు ఆపేశారు. జబ్బు నయం కాక కాదు. జబ్బు నయమైంది, బిల్లు కట్టలేదు. ఈ మాట ఇంత తేలిగ్గా రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు కోపం కూడా అలిసిపోయింది కాబట్టి రాయగలుగుతున్నాను.

మాది కర్ణాటకలో బీదరు పక్కనున్న కమఠాణ. నాన్న రోజూ బీదరు వెళ్ళి గంజ్‌లో, అంటే ధాన్యం బజారులో, హమాలీ పని చేసేవాడు. ఉన్న కాస్త చెలకలో అమ్మ మినుములు, కందులు వేసేది. ఆ ఏడు మినుము చేలో కలుపు తీస్తుండగా అమ్మకు కడుపులో నొప్పి లేచింది. మా వైపు దాన్ని ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారు. ఆలోపు కోస్తే మనిషి దక్కుతుంది, లేకపోతే లేదని లెక్క. అమ్మ మాత్రం పట్టిన సాలు పూర్తి చేసి ఇంటికొచ్చి, వాము నమిలి, తెల్లారి చూద్దాంలే అని పడుకుంది. బీదరు చేర్చేసరికి లోపల పేగు పగిలిపోయింది. సర్కారు దవాఖానాలో ఆపరేషను చేసే డాక్టరు ఆ రోజు లేడు. నాన్న ఆమెను రెండు చేతుల మీద మోసుకుని ఎదురుగా కనిపించిన ప్రైవేటు ఆసుపత్రిలోకి నడిచాడు. అక్కడి డాక్టరు మంచి పనిమంతుడు. అమ్మ బతికింది. ఆ సంగతి చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది.

పదో రోజు కుట్లు విప్పి ఇక ఇంటికి పోవచ్చన్నారు. నాన్న కౌంటరు దగ్గరికి వెళ్ళి, రొంటిన ఉన్నదంతా బల్ల మీద పెట్టి, మిగిలింది పంట రాగానే ఇస్తానన్నాడు. కౌంటరులో ఉన్నాయన పెట్టింది తీసుకుని, అయితే పంట వచ్చినప్పుడే మనిషిని తీసుకుపొమ్మని కన్నడంలో చెప్పాడు. నాన్న అది వేళాకోళం అనుకుని నవ్వాడు కూడా. సాయంత్రానికి అర్థమైంది. ముందు గేటు వాచ్‌మన్‌కు అమ్మ ముఖం చూపించి పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఆపిన రోజులకు కూడా మంచం కిరాయి రాసేవాళ్ళు. నాన్న పొద్దంతా బస్తాలు మోసి తెచ్చింది, అమ్మ ఆ మంచం మీద ఊరికే పడుకోవడానికే సరిపోయేది కాదు.

ఇంట్లో మా తమ్ముడికి పది నెలలు. నానమ్మ మేకపాలు పడుతోంది, వాడికవి పడటం లేదు. అమ్మకు తోడుగా ఆసుపత్రిలో నేనున్నాను. నాన్న వచ్చినప్పుడల్లా అమ్మ మొదట అడిగేది తమ్ముడి విరేచనాల గురించే. వాణ్ణి ఇక్కడికి తెస్తానంటే, చంటిపిల్లలను వార్డులోకి రానివ్వం అన్నారు. ఒకరోజు ఆ ప్రశ్నకు నాన్న కిటికీ వైపు చూస్తూ, "ఉన్నడు" అన్నాడు. ఆ ఒక్క మాటకు అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. బిడ్డ అక్కడ ఎండిపోతున్నాడు, ఇక్కడ పాలు వచ్చి అమ్మ రవిక తడుస్తోంది. ఆ పన్నెండు రోజుల్లో నాకు బాగా గుర్తున్నది ఇదే.

ఆ వార్డు ఊడ్చి, దుప్పట్లు ఉతికే పెద్దామెను అందరూ ఆయమ్మ అనేవాళ్ళు. డాక్టరూ అంతే, పేషెంట్లూ అంతే. ఆమెకూ ఒక పేరుంటుందని మొదట్లో నాకు తోచనే లేదు. ఊరికే కూర్చుని విసుగేసి ఒకరోజు అడిగి తెలుసుకున్నాను. అడక్కపోయినా బాగుండేది.

ఒక పొద్దున అమ్మ స్నానాల గదిలో గోడకు తల ఆనించి, పాలు పిండి మురుగునీళ్ళ మోరీలో పోస్తోంది. ఆయమ్మ చీపురు పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎన్ని నెలలోడు చెల్లె" అని అడిగింది. అమ్మ చెప్పింది. ఆయమ్మ రెండు చెంబులు నీళ్ళు పోసి ఆ మోరీ కడిగి వెళ్ళిపోయింది.

మరునాటి నుంచి ఆమె అమ్మను పనికి లేపడం మొదలుపెట్టింది. "ఊకె పండుకుంటే పేగులు అంటుకుంటయి, నాతోని రా, దుప్పట్లు పిండుదువు" అనేది. ఆసుపత్రి వెనక గేటు అవతల ఖాళీ జాగాలో ఒక బావి ఉండేది. ఉతుకుడంతా అక్కడే. నేనూ వెంట వెళ్ళేదాన్ని. మొదటి రోజు వెనక గేటు దగ్గర కూర్చునే మనిషి అడ్డుపడ్డాడు. నా చేతులు పడిపోయినయి, నువ్వొచ్చి పిండుతవా అని ఆయమ్మ అతని మీదికి పోయేసరికి వదిలేశాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ముగ్గురినీ లెక్కపెట్టాడు. నాలుగో రోజుకు లెక్కపెట్టడం మానేసి, బీడీ మీదే ధ్యాస పెట్టాడు. నాకేమో ఆయమ్మను చూస్తే ఒళ్ళు మండేది. డబ్బు కట్టలేనివాళ్ళమని కుట్ల మనిషి చేత చాకిరీ చేయించుకుంటోందని పళ్ళు నూరుకునేదాన్ని. మనిషి మనసులో ఏముందో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుందంటారు కానీ, నాకైతే తెలియలేదు.

అయిదో రోజు ఆయమ్మ అమ్మ నెత్తికి ఎత్తిన మూట చూసి నాకు ఏడుపొచ్చింది. అంత మూట. గేటు దాటుతుంటే నేనూ ఒక చెయ్యి వేశాను, అప్పుడు తెలిసింది. అన్నీ దిండు గలీబులే. వదులుగా, పొంగేటట్టు కట్టింది. బరువే లేదు. ఆ మూట వెనక అమ్మ ముఖం సగం కనిపించడం లేదు.

బావి దగ్గర మూట దింపి, అమ్మ కొంగు సరిచేసి, ఆయమ్మ నా చేతిలో జొన్నరొట్టెల పొట్లం పెట్టింది. "పో చెల్లె. ఎన్కకు చూడకు" అంది. అమ్మ, మరి నీ సంగతేంది అక్కా అని అడిగింది. "నేను ఉతుకుతున్న. నువ్వెప్పుడు పోయినవో నాకేం ఎర్క" అని, ఆయమ్మ మా వైపు వీపు పెట్టి దుప్పటి తడపసాగింది. మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగానే, మేమిద్దరం నడిచి బస్‌స్టాండుకు వెళ్ళి కమఠాణ బస్సెక్కాం.

ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు అమ్మను గుర్తుపట్టలేదు. నానమ్మ భుజంలో ముఖం దాచుకున్నాడు. అమ్మ పక్కన చాప మీద కూర్చుంది. కాసేపటికి వాడే పాకుతూ వచ్చి ఒళ్ళో పడ్డాడు. ఆ పూట ఇంటిల్లిపాదీ ఏడ్చాం. నానమ్మ అయితే ఏడుస్తూనే మేకను కూడా తిట్టింది.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మేం క్రైస్తవులం. నెలకో ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం ఉండేది. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళమంతా బీదరు చర్చికి వెళ్ళేవాళ్ళం. మావాళ్ళు దాన్ని గుడి అనే అంటారు. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు సాక్ష్యాలు చెప్పమంటారు. అంటే, ఆ నెలలో దేవుడు తనకు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి నిలబడి అందరికీ చెప్పాలి. మేలు పొంది నోరు మూసుకోవడం దొంగతనంతో సమానమని మాకు ఉగ్గుపాలతో నేర్పారు. ఆ ఆదివారం అమ్మ లేచింది. "దిక్కులేక ఉన్న నాకు ప్రభువు తోవ చూపిండు" అని కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు.

నాకది ఏమీ బాగాలేదు. అంత కథను ఒక్క ముక్కలో తేల్చేయడమేమిటి అనిపించింది. నేను సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్నదాన్ని. లేచి నిలబడ్డాను. మోరీలో పోసిన పాలతో మొదలుపెట్టాను. వెనక గేటు చెప్పాను, బీడీ తాగే మనిషిని చెప్పాను, గలీబుల మూట చెప్పాను. ఆయమ్మ పేరు చెప్పాను, ఒక్కసారి కాదు. అమ్మ వెనక నుంచి నా లంగా పట్టి లాగుతోంది. నా గొంతు తగ్గినప్పుడల్లా సండే స్కూలు టీచరమ్మ అట్లాగే లాగేది. అందుకని ఇంకా గట్టిగా చెప్పాను. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను కానీ, ఆ రోజు మాట్లాడినంత బాగా మళ్ళీ మాట్లాడలేదు.

ఆ మాటను ఆసుపత్రి దాకా ఎవరు మోశారో ఇప్పటికీ తెలియదు. చెడ్డ మనసుతో మోసి ఉండరు. మంచి సాక్ష్యం కదా, విన్నవాళ్ళు ఇంకో నలుగురికి చెప్పుకుని ఉంటారు. బీదరు ఎంత ఊరు. నాలుగో నాడు ఆసుపత్రి మనిషి కాగితం పట్టుకుని కమఠాణ వచ్చాడు. నాన్న వేలిముద్ర వేశాడు. మేం అప్పు ఎగ్గొట్టేవాళ్ళం కాదు. రెండు పంటల మీద అదంతా తీర్చాం కూడా. వచ్చినాయన పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "మీ ఆయమ్మను తీసేసినం. ఈ నెల జీతం గూడ మీ లెక్కల్నే పట్టుకున్నం" అని చెప్పి వెళ్ళాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదంతే. నాలుగు దెబ్బలు వేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. మూడో రోజు ఇంట్లో ఉన్న మినుములు కొంగున కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బీదరు బయల్దేరింది.

ఆయమ్మ ఇల్లు పాత ఊళ్ళో ఒక సందు చివర. ఎవరివో కందులు కూలికి చెరుగుతూ గడప దగ్గర కూర్చుని ఉంది. నేను అమ్మ వెనక దాక్కున్నాను. ఆమె మమ్మల్ని చూసి లేచి, "కుట్లు మానినయా చెల్లె, ఏదీ చూడనియ్యి" అంది. మొట్టమొదటి మాట అదే. తలుపు దగ్గరికి వేసి, అమ్మ చీర కాస్త జరిపి, మచ్చ పొడుగునా వేలితో రాసి చూసింది. బాగ మానింది అంది. అమ్మకు ఆ మూడు రోజులూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

తర్వాత ఆయమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "గుడిల ఏం చెప్పినవ్ బిడ్డ, నాకు గూడ చెప్పు" అంది. దెప్పుతోందేమోనని ముఖంలోకి చూశాను. కాదు, నిజంగానే అడుగుతోంది. నేల చూస్తూ, మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చెప్పాను. మూట దగ్గర ఆమె నవ్వింది. తన పేరు వచ్చేసరికి చేట పక్కన పెట్టింది. అంతమంది ముందు తన పేరు చెప్పానా అని అడిగింది. చెప్పానన్నాను. అందరూ విన్నారా అని అడిగింది. విన్నారన్నాను. ఎన్నో ఏళ్ళు ఆ వార్డు ఊడ్చినామెను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఆమె కళ్ళలో కాసేపు సంతోషం కనిపించింది. కోప్పడి ఉంటే నాకంత కష్టంగా ఉండేది కాదు.

"మంచిగ చెప్పినవ్" అంది నా తల నిమిరి. "గని ఇంకోపారి ఎవలన్న ఇట్ల చేస్తే, దేవుని పేరు ఒక్కటే చెప్పు బిడ్డ. ఆయన నౌకరి ఎవలు తియ్యలేరు."

ఆ తర్వాత ఆమెను ఏ ఆసుపత్రీ పనిలో పెట్టుకోలేదు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రతి పంటకూ ఆ గడపకు మినుములు చేర్చింది. అంతకుమించి మేం చేయగలిగింది లేదు. నేను చేసింది అసలే లేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. బీదరులో అద్దాల ఆసుపత్రులు వచ్చాయి. బీమా కార్డులు వచ్చాయి. వెనక గేట్లకు కెమెరాలు వచ్చాయి. బిల్లు కోసం మనిషిని ఆపుకోవడం తప్పని చదువుకున్నవాళ్ళు చెబుతారు. కౌంటర్లలో కూర్చునేవాళ్ళకు ఆ మాట చేరినట్టు లేదు. వినీ వినీ విసుగొచ్చింది. మొన్న ఆదివారం మా చర్చిలో ఒక చిన్నామె సాక్ష్యానికి లేచింది, చిట్గుప్ప వైపు పిల్ల. తన పెనిమిటిని తొమ్మిది దినాలు బిల్లు కోసం ఆపారని, ప్రభువే బయటికి తెచ్చాడని చెప్పింది. అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రవాడు, ఉత్సాహం ఎక్కువ. ఎట్లనమ్మా, జర వివరంగ చెప్పు అన్నాడు. ఆ పిల్ల నోరు తెరిచింది. నేను కూర్చున్న చోటి నుంచే, చర్చంతా వెనక్కి తిరిగి చూసేటట్టు స్తోత్రం అని అరిచి, పాట ఎత్తుకున్నాను. నా గొంతు ఇప్పుడు బొంగురు, శ్రుతి కలవదు. అయినా పెద్దదాన్ని కదా, అందరూ అందుకున్నారు. పాట ముగిసేసరికి ఆ పిల్ల కూర్చుంది.

ఆ తొమ్మిదో దినాన తలుపు తీసింది ఎవరో నాకు తెలియదు. తెలుసుకోను కూడా. రోజూ ప్రార్థనలో మాత్రం, పేరు లేకుండానే, ఆ మనిషి నౌకరి నిలబెట్టమని అడుగుతున్నాను.