తెరుచుకోని పిడికిలి

“చెయ్యి తెరువు బాపూ! తెరుస్తున్న అని గట్టిగ అనుకో.”

“అనుకుంటనే ఉన్న బిడ్డా, వస్తలేదు.”

“ముయ్యాలనే అనుకుంటున్నవ్. ల్యాప్‌టాప్‌ల గీత చెప్తున్నది సూడు.”

“నీ గీత అబద్ధాలాడుతున్నది. నా చెయ్యి సంగతి నాకు తెల్వదా?”

“లేని చెయ్యి నీకేం చెప్తది!”

తండ్రీబిడ్డలు గిట్ల కొట్లాడుతుంటే నేను బీడీలు చుట్టుకుంట విన్న. దయ్యాలు, గాలి సోకుడు నేనెన్నడు నమ్మలే. పని లేనోళ్ల ముచ్చట్లవి.

నా కొడుకు రాజేశం కుడి చెయ్యి ఎన్నడో బోధన్ దిక్కు చెరుకు గానుగల నలిగింది. మోచేతి కిందికి తీసేసిండ్రు. మనుమరాలు శిరీష నిజామాబాద్‌ల ఇంజినీరింగ్ చదువుతున్నది. మిగిలిన కండకు పట్టీలు అంటించి, వైర్లు చిన్న బోర్డుకు కలిపింది. కండ బిగిస్తే సన్న కరెంటు పుడ్తదట. బోర్డు దాన్ని వడగట్టి ప్లాస్టిక్ చేతిని కదిలిస్తదట. పైసలు దండుగని, ఒకసారి వాడిన పట్టీలు పారెయ్యద్దు, మళ్ల అంటియ్యమని గద్దించింది నేనే.

బస్టాండ్ కాడి చాయ్ హోటలాయన, “గ్లాసు పట్టి గిరాకీ ముందట పెడ్తే చాలు, రేపే పనికి రా” అని రాజేశంతోని అన్నడు.

ప్లాస్టిక్ చెయ్యి గ్లాసు పట్టింది. ఇడువలే. పట్టీలు పాతవైనయని కొత్తయి పెట్టినా అంతే. శిరీష తన చేతికి అంటించుకుంటే చక్కగ తెరుచుకున్నది. మళ్ల వాళ్ల బాపుకు పెడ్తే పిడికిలే.

రాజేశం నా దిక్కు తిరిగి, “అవ్వా, బొటనవేలు, చూపుడువేలు కలిపి దారం చుట్టినట్టున్నదే. ఎవలన్న కోస్తే బాగుండు” అన్నడు.

నా చేతుల బీడీ చినిగింది.

తీసేసిన చెయ్యిని దవాఖానోళ్లు గుడ్డల చుట్టి నాకే ఇచ్చిండ్రు. వాడు మత్తుల ఉండె, శిరీష పసిపిల్ల. ఒక్కదాన్నే బొందలగడ్డకు తీస్కపోయి పాతిపెట్టిన. పీనుగకు కాలి బొటనవేళ్లు కడ్తం గద. అట్లనే ఆ రెండు వేళ్లు బీడీ దారంతోని కట్టిన. ఎవలకు చెప్పలే. చెప్పేటందుకు ఏమున్నది?

“నరాలు అట్ల మోసం చేస్తయి బాపమ్మా” అన్నది శిరీష. చేస్తయి కావచ్చు. మరి గా రెండు వేళ్లే ఎట్ల చెప్పిండు? దారమని ఎట్లన్నడు? ఇప్పటికి నాకు సమజ్ కాలే.

తెల్లారి కొడవలి పట్టుకొని బొందలగడ్డకు పోయిన. నేను పాతిన దిక్కు రోడ్డుకు మొరం పోసి రోలర్ తిప్పుతున్నరు. “ఏం పోగొట్టుకున్నవ్ అవ్వా?” అని డ్రైవర్ నవ్విండు. కొడవలి కొంగు కింద దాచి మర్లిన.

ఇంటికొచ్చేసరికి శిరీష వైర్లు చుట్టి డబ్బాల సర్దుతున్నది. రాజేశం ఎడమ చేత్తోని ఫోన్ పట్టుకొని, హోటలాయనకు రానని చెప్తున్నడు.