చెప్పుల కార్ఖానాకు వచ్చిన కోడలు

కొచ్కోర్‌ అనే కొండ ఊళ్లోని ఉన్ని చెప్పుల కార్ఖానాలో బారెడు మీసాల మగవాడొకడు కొత్త కోడలై, నూరుమంది అత్తమామలకు టీ పోశాడు. నమ్మరా? సరే, నూరుమంది కాదు, ఓ డజను మంది. మీసాలు కూడా అంత గొప్పవేమీ కావు. కోడలు మాత్రం నిజం.

అతన్ని కోడలిని చేసింది అందరికీ అక్కలాంటి సల్‌కిన్ అపా. వేడి సబ్బునీళ్లలో ఉన్నిని అట్టలా బిగిసేదాకా నలిపే పని ఆమెది. ఈ వేసవికి ఉద్యోగం మానేసి, చెల్లెలితో కలిసి కొండమీది మేతబీళ్లకు పోవాలని ఆమె ఆశ. ఆ పని నేర్చుకునే మనిషి దొరికేదాకా వదలనంది యజమానురాలు పెరిజాత్. వచ్చినవాళ్లేమో నాలుగు రోజులు కూడా నిలవడం లేదు.

కొత్తవాళ్లను నిలుపుకోవడం ఎలాగో పెరిజాత్ పట్నం వెళ్లి శిక్షణ పొంది వచ్చింది. వాళ్లను అతిథుల్లా చూసుకోమని అందరికీ చెప్పింది. అదే కొంప ముంచింది. తర్వాత చేరిన పిల్లను గుమ్మానికి దూరంగా, పెద్దలు కూర్చునే పైచోటున కూర్చోబెట్టారు. బోర్సోకులనే వేయించిన పిండి ముక్కలు, వెన్న, ఆప్రికాట్ జామ్ ముందు పెట్టారు. ఆ పిల్ల ఉన్ని ముట్టబోతే సల్‌కిన్ అపాయే చెయ్యి పట్టుకుని ఆపింది. అతిథి చేత చాకిరీ చేయించిందని ఊళ్లో మాట పడడం ఆమెకు ఇష్టం లేదు. పిల్ల తిని తిని కాస్త ఒళ్లు చేసి, తనతో ఇక్కడెవరికీ అవసరం లేదనుకుని, ఏడుస్తూ వెళ్లిపోయింది.

తర్వాత బెక్‌తెమిర్ వచ్చాడు. ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషి. పైచోటున కూర్చుంటే కిటికీ వెలుతురు ఆగిపోయింది. అవతల చెల్లెలు కొండమీద డేరా వేసేసి కబురు పంపింది. సల్‌కిన్ అపా మోచేతుల దాకా నురగలో ఉంది, టీ పోసే దిక్కు లేదు. అతను బోర్సోకు నములుతున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"ఏం బాబూ, ఎన్నాళ్లు చుట్టంలా కూర్చుంటావ్? లేచి టీ పొయ్యి. మా ఇంటికి కొత్త కోడలివి నువ్వే."

పెరిజాత్ నాలిక కరుచుకుంది. బెక్‌తెమిర్ మాత్రం బరువు దిగినవాడిలా లేచి, గుమ్మం పక్కన కోడలు కూర్చునే చోట, టీ నీళ్లు కాగే సమోవర్ దగ్గర చతికిలబడ్డాడు. ముసుగేదని ఎవరో ఎగతాళి చేస్తే, తువ్వాలు కూడా నెత్తిన కప్పుకున్నాడు. టీ పోసేవాడు అడగక తప్పదు కదా, ఎవరికి ఉప్పు వేయాలో, ఎవరికి పాలు ఎక్కువో. సాయంత్రానికి అందరి సంగతులూ అతనికి తెలిసిపోయాయి. కోడలు అత్తింటివాళ్ల పేర్లు పలకకూడదు గనుక తలా ఒక మారుపేరు పెట్టాడు. పెరిజాత్ శిక్షణత్త అయింది. ఆమె మొదట మూతి ముడిచి, తర్వాత అందరికంటే ఎక్కువ నవ్వింది. మర్నాడు అతను అడక్కుండానే తొట్టి దగ్గరకు వచ్చాడు.

"నురగత్తా, నీళ్లు ఈ వేడి చాలా?"

"చెయ్యి పెడితే మీ అమ్మ గుర్తుకు రావాలి. అప్పుడు చాలు."

పెట్టాడు. అమ్మను గట్టిగానే తలుచుకున్నాడు, కానీ చెయ్యి తియ్యలేదు. అప్పటి నుంచి అక్కడ ఎవరు కొత్తగా చేరినా మొదట చేతికిచ్చేది టీ కెటిలే.

గడ్డి ఇంకా పచ్చగా ఉండగానే తొట్టి పని బెక్‌తెమిర్‌కు అప్పజెప్పి సల్‌కిన్ అపా కొండెక్కింది. డేరా ముందు పులిసిన గుర్రప్పాల కుమిస్ తాగుతున్న పొరుగువాళ్లు ఈ సంగతి నిజమేనా అని అడిగితే, మళ్లీ పనికి పిలుస్తారేమోనని ఆమె గిన్నె కింద పెట్టింది.

"ఏం కోడలు? ఏం తువ్వాలు? అంతా అబద్ధం. ఉన్ని నలపడం నాకు రానే రాదు."