చెరుకు పండని లోకం

సిద్దిపేటలో బోరు మోటర్లకు వైండింగు చేసే నాగేశానికి ఉన్న తిక్క ఒక్కటే. ఎక్కడా లేని ఒక లోకం గురించి ఎవరైనా ఒక్క ముక్క తప్పు మాట్లాడితే సహించడు. తన పేరు తప్పు పిలిస్తే పలుకుతాడు. తన పెండ్లిరోజు తానే తప్పు చెప్పి, భార్య దిద్దితే సరేనంటాడు. కానీ తొమ్మిది గాలుల లోకంలో ఉప్పునది ఉత్తరానికి పారుతుందని ఎవరైనా అంటే మాత్రం చేతిలోని రాగితీగ కింద పెట్టి లేస్తాడు.

"పడమటికి. మూడో పుస్తకం చూడు," అంటాడు.

తొమ్మిది గాలుల లోకమంటే ఏడు నవలల వరుస. ఒక్కోటి ఇటుకంత మందం. ఎగిరే కోటలు, మాట్లాడే పొగమంచు, తలలు మార్చుకునే మంత్రులు. నాగేశం పదో తరగతి తప్పిన ఏడాది బస్టాండు దగ్గర మొదటి పుస్తకం కొని అందులోకి వెళ్ళాడనీ, ఇంతవరకూ పూర్తిగా బయటికి రాలేదనీ ఆయన భార్య జ్ఞానేశ్వరి అభిప్రాయం.

ఆ దుకాణంలో నోరు ఆయనది, సగం చేతులు ఆమెవి. పెండ్లయిన కొత్తలో ఊరికే కూర్చోబుద్ధికాక, ఆయన చేసేది చూసి చూసి కాయిల్ చుట్టడం పట్టేసింది. ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు ఆమె చుట్టిన కాయిల్‌లో తీగ మీదికి తీగ ఎక్కదు. పని అలా చేసే మనిషికి మాటల మీద పెద్ద గౌరవం ఉండదు. ఆయన లోకంలో యుద్ధాలు జరుగుతుంటే ఆమె చుట్లు లెక్కపెట్టుకుంటుంది.

"విన్నవా, రాజు కోటనే ఇడిచిపెట్టి పోయిండు."

"నాకు చెవుల పడలే. గా కత్తెర ఇటియ్యి."

పదిహేనేండ్లుగా ఆ దాంపత్యం ఇలాగే సాగుతోంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బంది పడ్డవాడు పక్క మొబైల్ దుకాణం శైలేందర్. పాపం, అతనూ ఆ పుస్తకాలు చదివాడు. ఒకరోజు చాయ్ తాగుతూ మెచ్చుకోబోయాడు.

"అన్నా, ఐదో పుస్తకంల సిపాయిలు గుర్రాలకు బెల్లం పెట్టే జాగ మస్తుంటదే."

"ఏం పెట్టిన్రు?"

"బెల్లం."

"మళ్ల చెప్పు."

"బెల్లమే అన్నా."

"తొమ్మిది గాలుల లోకంల చెరుకు పండదిరా. నేలంత ఉప్పు. మూడో పుస్తకం చూడు. చెరుకు లేంది బెల్లమెక్కడిది, మీ తాత పంపిండా?"

"మరి గుర్రాలు ఏం తిన్నయే?"

"ఎండిన ఇప్పపువ్వు."

"అది గూడ తీపే గదన్నా."

"గా గ్లాసు ఆడ పెట్టి, బయటికి నడువు."

అంతే. శైలేందర్‌కు ఆ మెట్టు ఎక్కే యోగం పోయింది. నాగేశానికి మాత్రం తక్కువ నష్టమా? చార్జరు వైరు తెగితే పక్క దుకాణంలో కొనలేక ఊరి ఆ చివరికి పోయి కొనుక్కొచ్చాడు.

ఈ లోకానికి మనస్ఫూర్తిగా అభిమాని అయిన మనిషి ఒక్కతే ఉంది. నారాయణరావుపేట రాములవ్వ. చదువు రాదు. కొడుకు కృపాకర్‌కు రెండెకరాలు, ఒక బోరు. ప్రతి ఎండాకాలం ఆ బోరు మోటరు కాలిపోతుంది. మోటరు కాలితే కొడుకు మొఖం మాడుతుంది, తల్లి మొఖం వెలుగుతుంది. ట్రాలీ ఆటోలో మోటరు పక్కన కూర్చుని వచ్చేస్తుంది.

"నాగేశం, గా ఏనుగు మంచిగున్నదా బిడ్డా?" అంటూనే దిగుతుంది.

ఏనుగు పేరు మద్దెల. దానికి ఒకటే రెక్క, ఎడమ పక్క. రెండుంటే ఎగిరేది, ఒకటీ లేకుంటే నిమ్మళంగా నడిచేది. ఒకటి ఉండడం వల్ల గాలి వీచినప్పుడల్లా గిర్రున తిరిగి, బయలుదేరిన చోటికే వస్తుంది. ముసలిది, కుంటిది. ఏడు పుస్తకాలలో దానికి దక్కింది నాలుగైదు పేజీలే. రాములవ్వకు రాజులు, మంత్రులు అక్కర్లేదు, ఆ ఏనుగు కావాలి.

కానీ నాగేశం ఏనుగుతో మొదలుపెట్టడు. మొదటి గాలి ఎలా పుట్టిందో చెప్పందే రెండో గాలి అర్థం కాదంటాడు. మోటరు తయారై, వార్నీషు ఆరి, ఆటోలో ఎక్కినా మూడో గాలి దగ్గరే ఉంటాడు.

"అవ్వా, పోదాం పా."

"ఉండురా కృపాకర్, ఇంక ఏనుగు పుట్టనే లేదు."

ఆరో పుస్తకంలో ఆ ఏనుగు పొగమంచులోకి వెళ్ళి మాయమైంది. ఇల్లు చేరిందో లేదో రాసినాయన చెప్పలేదు. రాములవ్వ ఏటా అడిగేది. నాగేశం ఏటా అదే మాట అనేవాడు: "ఆయన చెప్పంది నేను చెప్పనవ్వా. మనది కాని దాంట్ల మనం చెయ్యి పెట్టద్దు."

ఈ ఏడాది ఆ చెప్పనిది అచ్చయింది. పన్నెండు పేజీల చిన్న పుస్తకం పోస్టులో వచ్చింది. ఒకే ఒక్క కథ, మద్దెల కథ. పన్నెండు పేజీలు చదవడానికి నాగేశం ఏడు పుస్తకాలు మళ్ళీ మొదటి నుంచి చదివాడు. దుకాణం ముందు మోటర్లు వరుస కట్టాయి. చివరికి ఒక ఉదయం చేతులు సబ్బుతో కడుక్కుని కథ తెరిచాడు. ముగించి, పుస్తకాన్ని పెద్ద పానా కింద పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

చిన్నకోడూరు బాలనర్సయ్య మోటరు దించుకుని వచ్చి, ఆ వాలకం చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరు పోయిన్రు నాగేశం?"

"మద్దెల."

"అయ్యో. వయసున్నదా?"

"ముసలిదే. వంతెన కూలుతుంటే కిందికి పోయి వీపు పెట్టింది. పిల్లగాండ్లందరు దాటిన్రు. అది వంతెనతోని మునిగింది."

"ఏ చెరువుల?"

"ఉప్పునది."

బాలనర్సయ్య తలగుడ్డ తీసి కాసేపు నిలబడ్డాడు. మోటరు మాట ఎత్తకుండా వెళ్ళిపోయి, సాయంత్రం ఫోను చేసి దినాలు ఎప్పుడని అడిగాడు.

మర్నాడు కృపాకర్ ఫోను. రాములవ్వ పొలం గట్టు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. సిద్దిపేట దవాఖానలో ఉంది.

"ఆపరేషన్ చేస్తే నడుస్తదట అన్నా. లేకుంటే మంచమేనట. ఒప్పుకుంటలేదు. డాక్టరు చెప్పిండు, పాస్టరుగారొచ్చి ప్రార్థన చేసి చెప్పిండు. ఆమెన్ అన్నది, ఆపరేషన్ వద్దన్నది."

"నేనేం చెయ్యాలె మరి?"

"నిన్ను తోల్కరమ్మంటుంది. గా ఏనుగు సంగతి తేలాలెనట. 'అది ముసలిది, కుంటిది. అది ఇల్లు చేరితే నేను గూడ లేస్తా' అంటుంది. నీకు దండం పెడ్తనే."

నాగేశం బండి తీశాడు. జ్ఞానేశ్వరి టిఫిను కట్టి బండెక్కింది. దారి పొడవునా ఆయన తనలో తాను గొణుక్కుంటున్నాడు.

"రాసినాయన రాసిండు. మార్చెటందుకు మనమెవరం?"

ఆమె టిఫిను డబ్బా ఒళ్ళో సర్దుకుంది.

రాములవ్వ మంచంలో ఇంత చిన్నగా కనిపించింది. నాగేశాన్ని చూడగానే, "చేరిందా బిడ్డా?" అంది.

నాగేశం స్టూలు మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ముందుగాల మొదటి గాలి పుట్టిందవ్వా," అన్నాడు.

కృపాకర్ తల పట్టుకున్నాడు. నాలుగో గాలి దగ్గర నర్సు వచ్చి, చూసేవాళ్ళ టైం అయిపోయిందని చెప్పి, తనే మంచం అంచున ఆగిపోయింది. చివరికి మద్దెల పొగమంచులోకి నడిచింది. వంతెన దగ్గరికి వచ్చింది. వంతెన పగిలింది. మద్దెల కిందికి దిగి వీపు పెట్టింది. పిల్లలు దాటడం మొదలుపెట్టారు.

అక్కడ నాగేశం నోరు ఆగింది.

పదిహేనేండ్లలో ఆ నోరు ఆగడం జ్ఞానేశ్వరి చూడలేదు. ఆయన చెమట తుడుచుకున్నాడు. రాములవ్వ చెయ్యి మంచం పట్టీని పట్టుకుంది.

"వంతెన," అన్నాడు. "వంతెన... నిలబడ్డదవ్వా."

జ్ఞానేశ్వరి చేతిలో టిఫిను మూత టంగుమంది.

"నిలబడ్డది. పిల్లలు దాటిన్రు. మద్దెల గూడ దాటింది. గాలి గూడ ఆ పూట ఆగింది. గిర్రున తిరుగకుంట సీదా నడుసుకుంట ఇల్లు చేరింది."

రాములవ్వ ఆయన్ని పరీక్షగా చూసింది. అన్ని ఎండాకాలాలు విన్న మనిషి. ఆయన ఇంత తొందరగా కథ ముగించడం ఆమె ఎరగదు.

"ఇల్లు చేరినంక ఏం తిన్నది?"

నాగేశం తెల్లబోయాడు. అచ్చులో లేనిది ఆయన జన్మలో చెప్పలేదు. ఒక అబద్ధానికే ఒళ్ళంతా తడిసింది, రెండోది ఎక్కడి నుంచి తెస్తాడు? రాములవ్వ చెయ్యి పట్టీ మీద నుంచి జారుతోంది.

"బెల్లం తిన్నదవ్వా," అంది జ్ఞానేశ్వరి. "గింత పెద్ద ముద్ద."

నాగేశం తల మెల్లగా భార్య వైపు తిరిగింది. మెడ నరాలు తేలాయి. మూడో పుస్తకం ఆయన గొంతు దాకా వచ్చింది.

"అవునా నాగేశం?" అంది రాములవ్వ.

కృపాకర్ చూస్తున్నాడు. నర్సు చూస్తోంది. మద్దెలను బతికించడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆయన కళ్ళు మూసుకుని, చేదు మందు మింగినట్టు మింగాడు.

"అవునవ్వా. బెల్లమే."

"గట్లయితే డాక్టరును పిలువురా," అంది రాములవ్వ కొడుకుతో.

తిరుగు దారిలో నాగేశం బండి నెమ్మదిగా నడిపాడు.

"బెల్లమన్నవు," అన్నాడు చివరికి.

"అన్న."

"చెరుకు పండదని పదిహేనేండ్ల సంది మొత్తుకుంటున్న."

"నువ్వు సచ్చిన ఏనుగునే లేపినవు. నేనింత బెల్లం పెట్టద్దా?"

బండి రోడ్డు పక్కన ఆగింది.

"అది సచ్చిందని నీకెట్లెరుక?"

"పానా కింద పెట్టినవు గద. కాయిల్ చుట్టుకుంట చదివిన."

"ఏడు పుస్తకాలు చదువకుంట, అది నీకు సమజైందా?"

"ఏడు నువ్వు నా చెవుల పోసినవు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మంచిగ చుట్టిండయ్యా రాసినాయన. యాడ గూడ ఒక్క చుట్టు ఎక్కువ లేదు. పిల్లగాండ్లు దాటుడు చదువుతుంటే నేను కాయిల్ లెక్క మరిచిపోయిన. బాలనర్సయ్య మోటరు విప్పి మళ్ల చుట్టిన."

నాగేశం ముందుకు తిరిగాడు. బండి మళ్ళీ స్టార్టు చేశాడు. ఆ సాయంత్రం మొదటిసారి, కత్తెర ఆమె అడగకుండానే అందించాడు.

వానలు పడ్డాక రాములవ్వ కర్ర పట్టుకుని, తన కాళ్ళ మీద దుకాణానికి వచ్చింది. ఈసారి మోటరు కాలలేదు. చేతిలో గుడ్డ మూట, అందులో బెల్లం. "ఏనుగు పేరు మీద," అంటూ మెట్టు మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ తలా ముక్క పెట్టి, కథ చెప్పింది. మొదటి గాలి, రెండో గాలి అని తిప్పలేదు. వంతెన నిలబడింది, ఏనుగు ఇల్లు చేరింది, బెల్లం తిన్నది. అంతే.

పక్క మెట్టు మీద శైలేందర్ నిటారుగా నిలబడ్డాడు. ఆ చిన్న పుస్తకం అతనూ చదివాడు.

"అవ్వా, ఏం తిన్నదన్నవు?"

"బెల్లం. నాగేశమే చెప్పిండు, అడుగు."

శైలేందర్ నాగేశాన్ని చూశాడు. నాగేశం తీగ చుడుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు.

"అన్నా, ఆ లోకంల చెరుకు పండది గద?"

జ్ఞానేశ్వరి చేతులు ఆగాయి.

"పండది," అన్నాడు నాగేశం. "ఓడల మీద వస్తది. లోపటికొచ్చి నువ్వు గూడ ఇంత నోట్లె వేసుకో."