తోడికోడలి మిషను

ఆమెను వీధిలో అందరూ దబ్బనం అంటారు. గోనెసంచులు కుట్టే ఆ లావుపాటి సూది ఎప్పుడూ ఆమె కొప్పులో గుచ్చి ఉంటుంది. అది ఒక కారణం. రెండో కారణం ఆమె నోరు. ఆ పేరుతో ఎదురుగా ఎవరూ పిలవరు. పిలిస్తే సూది కొప్పులోనే ఉంటుంది, నోరు లేస్తుంది.

ఆమె బడిపిల్లల బ్యాగులు కుడుతుంది. షాపాయన రెక్సిన్ ముక్కలు కత్తిరించి మూటగట్టి పంపుతాడు. పట్టీలు అతికే చోట రెక్సిన్ నాలుగు మడతలవుతుంది. మామూలు కుట్టుమిషను సూది అక్కడ పుటుక్కున విరుగుతుంది. ఆ చోట చేత్తోనే కుట్టాలి. అరచేతికి తోలుముక్క కట్టుకుని, దబ్బనాన్ని ఒత్తి, అవతలినుంచి పళ్ళతో లాగాలి. ఆమెకు ముందుపన్ను ఒకటి అలాగే కదిలింది. ఈ పని నేర్పిన తల్లికి రెండు ఊడాయి.

పెళ్ళయి వచ్చిన ఇంట్లో తోడికోడలిదీ ఇదే పని. ఇద్దరికీ చెరొక గది, మధ్యన ఒక గోడ, ఇద్దరికీ కలిపి ఒక పొయ్యి. పొయ్యి దగ్గర పోట్లాడుకుంటారు, గోడకు చెరోవైపు కూర్చుని కుట్టుకుంటారు. అలా చాలా ఏళ్ళు గడిచాయి.

ఒక వేసవిలో ప్రొఫెసరుగారు ఒకాయన వచ్చాడు. సన్నగా, మర్యాదగా మాట్లాడే మనిషి. బడి గదిలో వీధి ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. బీదవాళ్ళ చేతికి మంచి పనిముట్టు ఇస్తే సొంత వ్యాపారం నిలబడుతుందా, ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య దూరం తగ్గుతుందా అన్నది తన పరిశోధన. మందపు రెక్సిన్ కుట్టే మోటారు మిషన్లు తెచ్చాడు. కానీ సగంమందికే ఇస్తాడు. రెండేళ్ళు ఆ సగం సంపాదననీ ఈ సగం సంపాదననీ పోల్చి చూస్తాడు. తేడా కనిపిస్తే మిగిలిన సగానికీ మిషన్లు వస్తాయి. మిషను తీసుకున్నవాళ్ళు దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఇచ్చినట్టు తెలిస్తే వెనక్కి తీసుకుంటారు.

డబ్బాలో చీటీలు కలిపారు. పచ్చది వస్తే మిషను, తెల్లది వస్తే లేదు. దబ్బనం చెయ్యి పెట్టింది. తెల్లది వచ్చింది. తోడికోడలు చెయ్యి పెట్టింది. పచ్చది వచ్చింది.

"నేనేం పాపం చేశాను సారూ?"

"మీరేం చెయ్యలేదమ్మా. చీటీ అలా వచ్చింది, అంతే. కానీ మీరు చాలా ముఖ్యం. మీరు లేకపోతే పోల్చడానికి ఎవరూ ఉండరు."

"ముఖ్యమైనవాళ్ళకి ఉత్త చేతులా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మర్నాటినుంచి గోడ అవతల మోటారు మోత మొదలైంది. నాలుగు మడతల్నీ అది వెన్నలో వేలు దించినట్టు కుట్టేస్తోంది. ఇవతల ఆమె పళ్ళతో దారం లాగుతోంది. ఆ మోత విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. తోడికోడలితో మాట్లాడటం మానేసింది. పొయ్యి దగ్గర గిన్నెలు ఎత్తి కుదేసేది. మొగుడితో కూడా విసుక్కునేది. అతను మూటలు మోసి వచ్చి, తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం తోడికోడలు గుమ్మంలో నిలబడింది.

"ఏమే, ఎన్నాళ్ళిలా?"

దబ్బనం పళ్ళతో దారం లాగుతూనే ఉంది.

"నా మొహం చూడకపోతే మానెయ్. మిషను మొహం చూడు. పొద్దున నేను కుడతా, మధ్యాహ్నంనుంచి నువ్వు కుట్టుకో."

"తెలిస్తే తీసుకుపోతారు."

"తెలిస్తే కదా. నీ నోరు నువ్వు మూసుకుంటే చాలు. అదే నీకు కష్టం."

దబ్బనం లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. సూది కింద పట్టీ పెట్టి, కాలితో మీట నొక్కింది. నాలుగు మడతలూ కుట్టుపడ్డాయి. కళ్ళు తుడుచుకుంది. తోడికోడలు చూడనట్టు పొయ్యి దగ్గరికి పోయింది.

వీధంతా ఇదే జరిగింది. అక్క చెల్లెలికి ఇచ్చింది, పక్కింటామె పక్కింటామెకు ఇచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఏ పూట ఎక్కడ మోత ఆగి మళ్ళీ మొదలవుతుందో అందరికీ తెలుసు.

మధ్యమధ్యలో ప్రశ్నలడిగే అమ్మాయి వచ్చేది. చేతిలో ట్యాబు, భుజాన సంచి, ఎండకు వాడిన మొహం. దబ్బనం ఇచ్చిన మంచినీళ్ళు తాగి, అడిగేది.

"ఆంటీ, కుట్టడం చేత్తోనేనా?"

"చేత్తోనే."

"ఈ బొమ్మ చూడండి. నిచ్చెన. పైమెట్టు మీద బాగా బతికేవాళ్ళు, కిందమెట్టు మీద ఏమీ లేనివాళ్ళు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?"

"నిచ్చెనని పట్టుకున్నదాన్ని నేను. నాకు మెట్టెక్కడిది?"

"అలా రాయడానికి లేదు ఆంటీ. అంకె చెప్పాలి."

"అయితే నీకు నచ్చింది వేసుకో."

రెండేళ్ళూ ఆమె నోరు మూసుకుంది. తన గదిలో మిషను ఎక్కడ పెట్టాలో మాత్రం ఎప్పుడో అనుకుంది. కిటికీ కింద. మంచాన్ని గుమ్మంవైపు జరిపి, ఆ చోటు ఖాళీగా ఉంచింది. మొగుడు మంచానికి కాలు తగిలి రెండుసార్లు పడ్డాడు.

చివరికి అందర్నీ మళ్ళీ బడి గదిలో కూర్చోబెట్టారు. గోడమీద తెర కట్టారు. దానిమీద రెండు గీతలు పడ్డాయి. ఒకటి పచ్చది, ఒకటి నల్లది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నడిచినట్టు కలిసి వెళ్తున్నాయి.

"మీ అందరికీ కృతజ్ఞతలు," అన్నాడు ప్రొఫెసరుగారు. "మిషను ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ సంపాదనలో తేడా ఏమీ రాలేదు. అంటే లోటు పనిముట్టుది కాదు. వ్యాపారం చెయ్యాలన్న చొరవ, ముందుచూపు, అవి రావాలి. అందుకని మిగిలిన మిషన్ల బదులు మీ అందరికీ శిక్షణ తరగతులు పెడతాం."

దబ్బనానికి మొదట అర్థం కాలేదు. తర్వాత కిటికీ కింద ఖాళీ చోటు కళ్ళముందుకు వచ్చింది. తర్వాత ఆ రెండు గీతలూ ఎందుకు కలిశాయో అర్థమైంది. చెవులు వేడెక్కాయి.

లేవబోయింది. తోడికోడలు మణికట్టు పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చోవే. నా మిషను పోతుంది."

"నాది రాకుండా పోయింది."

"నాదీ పోతే ఇద్దరం పళ్ళతో లాగుతాం. కూర్చో."

ఆమె కాసేపు కూర్చుంది. ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంక ఆగలేకపోయింది.

"సారూ! నాకు చొరవ లేదన్నారా? మా తోడికోడలు లేనప్పుడు తలుపు తీసుకుని దొంగతనంగా రోజూ ఆమె మిషను వాడుకున్నాను. ఇంతకంటే చొరవ ఏం కావాలి? తన తప్పేం లేదు. నన్ను రాసుకోండి."

తోడికోడలు దిగ్గున లేచింది. "అబద్ధం చెప్తోంది సారూ. నా ఇంట్లో దొంగతనం చెయ్యడానికి దీనికి ధైర్యమెక్కడిది? నేనే పిలిచి ఇచ్చాను."

వెనకనుంచి ఒక గొంతు: "నేనూ మా చెల్లికిచ్చా." ఇంకొకటి: "నేనూ." గదంతా లేచింది.

ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీశాడు. ప్రశ్నల అమ్మాయి మొహం పాలిపోయింది.

"ఆంటీ, వచ్చినప్పుడల్లా అడిగాను కదా. చేత్తోనే అన్నారు."

అది నిజమే. దబ్బనం తడబడింది. ఆ తడబాటు కోపాన్ని ఇంకా ఎగదోసింది.

"నిజం చెప్తే మిషను లాక్కుపోతామన్నది ఎవరమ్మా? మీరా, మేమా? ఒకే పొయ్యి మీద వండుకుతినేవాళ్ళం. ఒకదాని చేతిలో పెట్టి, రెండోదాన్ని చూస్తూ కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాం. మీరైతే కూర్చునేవాళ్ళా?"

ప్రొఫెసరుగారు కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మా," అన్నాడు ఆయన చివరికి, నెమ్మదిగా. "మిషన్లు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంటాయి. తీసుకోం. కానీ మీరు పంచుకున్నారు కాబట్టి ఈ వీధి లెక్కలు నమ్మడానికి లేదు. తీసెయ్యాలి."

"తీసేస్తే?"

"మొదటినుంచీ ఇంకో వీధిలో చెయ్యాలి."

"మాకు?"

ఆయన తెరవైపు చూశాడు. "మీ వీధికిచ్చిన డబ్బు అయిపోయిందమ్మా."

తెర చుట్టేశారు. ఆ మధ్యాహ్నం దబ్బనం తన వంతుకు కూర్చుని మొదటి పట్టీకే సూది విరిచింది.

"విరిచావా?" అంది తోడికోడలు పొయ్యి దగ్గరనుంచి.

"విరిగింది."

"కోపం వాళ్ళమీద చూపించు. సూదులు నేను కొంటున్నాను."

చలికాలం వచ్చింది. కాలవ అవతలి వీధినుంచి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. ఆ వీధిలో గిన్నెలకు సొట్టలు తీసి మెరుగుపెట్టేవాళ్ళుంటారు. ఆమె వేళ్ళు నల్లగా ఉన్నాయి. గుప్పిట్లో తెల్లచీటీ.

"మా వీధిలో మెరుగుపెట్టే మిషన్లు ఇస్తున్నారు. నాకు ఇది వచ్చింది. మా ఆడపడుచుకి పచ్చది. సాయంత్రాలు వాడుకోమంటోంది. వాడుకోనా, మాననా? మీకు తెలుసన్నారు."

దబ్బనం కుట్టడం ఆపింది. వాడుకోమంటే రెండేళ్ళకి ఆ వీధి లెక్కలు కూడా చెత్తబుట్టలోకి పోతాయి. వద్దంటే ఈమె రెండేళ్ళు ఆడపడుచు మిషను మోత వింటూ వేళ్ళు అరగదీసుకోవాలి. ఎటు చెప్పినా తప్పే. ఆ తప్పు చెప్పడానికి తనని వెతుక్కుంటూ వచ్చింది.

"సారు వచ్చాడా?"

"వచ్చాడు. ఇవాళ బడి దగ్గరే ఉన్నాడు. రేపు మిషన్లు దింపుతారట."

"ఇంకా దింపలేదా?"

"లేదు."

"అయితే ఇవాళే చెప్పాలి. మేం చివర్న లేచాం, అదీ మేం చేసిన తప్పు. మీ వీధంతా ఇప్పుడే లేవాలి. ఇస్తే అందరికీ ఇమ్మనండి. లేదా ఎవరూ చీటీ పట్టుకోకండి."

"నేను చెప్తే వింటారా? నాకు అంత నోరు లేదు."

దబ్బనం లేచింది. సూది కింది పట్టీని లాగి మిషను మీద పడేసింది.

"నాకుంది. పద. అక్కా! నా వంతు కూడా నువ్వే కుట్టు."

"ఎక్కడికే ఈ వేళప్పుడు?"

"తిట్టడానికి."

"ఒక్కదానివే తిడతావా?" అంది తోడికోడలు. పొయ్యిమీద గిన్నె దింపి, మంట ఆర్పి, చెప్పుల కోసం వెతుక్కుంది.